వెనక సీటు మనిషి

షోరూములో రెండు బళ్ళూ పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. పెద్దది రెండు సిలిండర్లది. రెండు వైపులా అల్యూమినియం పెట్టెలతో, కొండలెక్కడానికే పుట్టినట్టు దిట్టంగా ఉంది. చిన్నది ఒకటే సిలిండరుది. బక్కగా, ఎత్తుగా ఉంటుంది, పెద్దదానికన్నా తొంభై కిలోలు తేలిక. లిఫ్టు మెకానిక్ నాలుగు వారాలుగా ఈ రెంటి మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. అతను గుమ్మంలో అడుగు పెడితే చాలు, సేల్స్ అమ్మాయికి నవ్వొచ్చేస్తోంది.

"ఈవేళైనా తేలుతుందా సార్?"

"ఈవేళ మా ఆవిణ్ణి తీసుకొచ్చాను. తేలక ఎక్కడికి పోతుంది?"

ఆవిడ వీళ్ళ మాటలు వినిపించుకోవడం లేదు. బస్సుల సీట్లకు కవర్లు కుట్టే వర్క్‌షాపులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఎక్కడికి వెళ్ళినా సీటును బొటనవేలితో నొక్కి చూడందే కూర్చోదు. పెద్దబండి వెనక సీటు నొక్కి తలూపింది. చిన్నదాని సీటు నొక్కి మొహం చిట్లించింది.

"దీనిమీద నేను కూర్చోవాలా? పిల్లి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది."

సేల్స్ అమ్మాయి పకపకా నవ్వింది. అతనూ నవ్వాననిపించుకున్నాడు.

పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళిద్దరికీ ఆదివారమంటే పాత బండిమీద ఊరు దాటడమే. ఉత్తరాన మంచు కొండల్లో ఒక కనుమ ఉంది, దాని నెత్తిన ఒక సరస్సు ఉంది. కూతురి చదువయ్యాక అక్కడికి బండిమీదే వెళ్ళాలని అనుకున్నారు. అమ్మాయి చదువయింది, ఉద్యోగమూ వచ్చింది. పాత బండి అంత ఎత్తు ఎక్కలేదు కాబట్టి కొత్తది కొనాలి. అంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట.

ఆవిడకు తెలియనిది ఒకటుంది. జనవరిలో ఒక ఆస్పత్రి లిఫ్టు కప్పుమీద నిలబడి పనిచేస్తుంటే అతని ఎడమచేతిలోంచి స్పానరు జారి, ఆరంతస్తుల కిందకి గణగణమంటూ పడిపోయింది. చెమట అనుకున్నాడు. వారంలో ఇంకో రెండుసార్లు జారింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి పీక్కుపోవడం అప్పుడు గమనించాడు. డాక్టరు సూదులు గుచ్చి చూసి, నరం చచ్చుబడుతోందన్నాడు.

"మందులతో నెమ్మదిస్తుంది, వెనక్కి మాత్రం రాదు. రెండేళ్ళు ఇలాగే ఉండొచ్చు, ఆర్నెల్లలోనే ముదరొచ్చు. బండి నడుపుతారా? వెనక మాత్రం ఎవర్నీ ఎక్కించుకోకండి."

వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాడు. ఆ ఆదివారం ఆవిడ వంటింటి అలమర తలుపుకి దారి మ్యాపు అంటించి, ఆగాల్సిన ఊళ్ళకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుడుతూ కూర్చుంది. నోరు పెగల్లేదు. తర్వాత ఏ ఆదివారమూ పెగల్లేదు.

షోరూములో ట్యాంకు ఎంత, నేలకీ ఇంజనుకీ మధ్య జాగా ఎంత అని అతను వేసిన ప్రశ్నలన్నీ పైపై వేషాలే. అతనికి కావలసింది ఎడమచేతి క్లచ్ ఒక్కటే. చిన్నబండిది రెండు వేళ్ళతో నొక్కితే వెన్నలా దిగుతుంది. పెద్దదాన్ని పదిసార్లు నొక్కేసరికి చెయ్యి వణుకుతుంది. అసలు క్లచ్చే లేని మోడల్ లేదా అని కూడా అడిగి చూశాడు. అది ఇక్కడికి రావడం మానేసిందన్నారు. అంటే అతను పట్టుకోగల బండిమీద ఆవిడ కూర్చోలేదు. ఆవిడ కూర్చోగల బండిని అతను పట్టుకోలేడు.

"పెద్దదే ఒకసారి తిప్పి చూద్దాం పదండి," అంది ఆవిడ, అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుని.

వద్దనాల్సింది. అనలేదు.

మూడో సిగ్నలు ఎత్తుమీద ఉంది. అక్కడికి చేరేసరికే ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కీ నొక్కీ వేళ్ళు కొయ్యబారిపోయాయి. పచ్చదీపం పడ్డాక మెల్లగా వదలబోతే చెయ్యి మాట వినలేదు, క్లచ్ ఒక్కసారిగా జారిపోయింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఎడమవైపుకి ఒరిగింది. ఇద్దరు మనుషులతో సహా ఆ బరువును అతని కాలు ఆపలేకపోయింది.

అతను దూరంగా పడ్డాడు. ఆవిడ కాలు పెట్టెకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కుంది. నలుగురు పరిగెత్తుకొచ్చి బండి లేపారు. ఆవిడ ఫుట్‌పాత్‌మీద కూర్చుని, పళ్ళు బిగించి చెప్పు విప్పుకుంటోంది.

"ఇసకలో జారింది," అన్నాడు అతను.

ఆవిడ రోడ్డు వంక చూసింది. ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. తర్వాత అతని చేతివంక చూసింది.

"ఇటివ్వండి."

ఇచ్చాడు. నొక్కిచూడడం ఆవిడకు కొత్త కాదు. బొటనవేలి పక్కన కండ ఉండాల్సిన చోట ఆవిడ వేలు లోపలికి దిగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"జనవరి."

"జనవరి నుంచీ తెలిసుండి, ఈవేళ నాచేత సీట్లు నొక్కించారా?" అంది.

చీలమండ ఎముక చిట్లింది. కట్టు కట్టి ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఇంట్లో రెండు రోజులు గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. వంట అతనే చేశాడు, ఆవిడ ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. మూడో రోజు పొద్దున ఆవిడే మాట కదిపింది.

"చిన్నబండి బుక్ చెయ్యండి. వర్క్‌షాపులో మంచి ఫోమ్ ఉంది. వెనక సీటు నేను కుట్టుకుంటాను."

"సీటు కాదే..." అతను ఎడమచెయ్యి చాపి చూపించాడు. "వెనక నువ్వుంటే ఈ చేతిని నేను నమ్మలేను. డాక్టరూ అదే అన్నాడు."

ఆవిడ కట్టుకట్టిన తన కాలువంక చూసుకుంది.

"అయితే మీరొక్కరే వెళ్ళండి. ఆ చెయ్యి ఉండగానే వెళ్ళొచ్చెయ్యండి. తర్వాత జన్మంతా మొహం వేలాడేసుకుని కూర్చుంటే నేను చూడలేను."

నువ్వు లేకుండా ఎక్కడికీ పోనని అనాలని అతనికి తెలుసు. ఆవిడ ఆ మాటకోసమే చూస్తోందనీ తెలుసు.

"సరే," అన్నాడు.

అది అంత తొందరగా నోట్లోంచి ఊడిపడినందుకు అతనికే సిగ్గేసింది. ఆవిడ మాత్రం తలూపి, చంకకర్ర అందుకుంది.

కట్టు విప్పిన వారానికి అతను బయల్దేరాడు. చిన్నబండి వంక పెట్టడానికి లేనిది. మలుపుల్లో చెప్పినట్టు వింది, రాళ్ళలో తొణకలేదు, క్లచ్ అతని రెండు వేళ్ళనూ దయగానే చూసింది. ఆరో రోజుకి కొండల్లోకి చేరాడు. అక్కడ అతనికి ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ బండిమీద తను చూసింది రోడ్డు ఒక్కటే. గుంతలు, మలుపులు, ముందు లారీ వెనక చక్రాలు. పక్కన ఉన్నవన్నీ ఆవిడే చూసేది. "కుడిపక్క కొంగలండీ," "ఆ ఇంటికి తలుపుల్లేవు చూడండి," అని భుజంమీంచి చెవిలో చెబుతుండేది. అతను తల తిప్పకుండానే ఊఁ కొట్టేవాడు. అదే చూడడమనుకునేవాడు. ఇప్పుడు హెల్మెట్ లోపల ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. రెండు మూడుచోట్ల బండి ఆపి దిగి నిలబడ్డాడు. కొండ కొండలాగే ఉంది.

ఏడో రోజు మధ్యాహ్నం కనుమ ఎక్కాడు. సరస్సు ఉంది. మబ్బు కమ్మి ఉంది. ఇంటికి ఫోను చేస్తే కలిసింది.

"వచ్చేశాను," అన్నాడు.

"ఎలా ఉంది?" ఆవిడ గొంతు ఆత్రం దాచుకోలేకపోయింది.

"నీళ్ళున్నాయి."

"ఏం రంగు?"

"బూడిద రంగు."

"ఇంకా?"

అతను చుట్టూ చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది చెప్పదగ్గదో తేలలేదు.

"చలిగా ఉంది," అన్నాడు.

"ఊఁ," అంది ఆవిడ. "జాగ్రత్తగా రండి."

తిరుగుదారిలో చలికి చెయ్యి మరీ మొద్దుబారింది. ఏడు రోజుల దారికి పన్నెండు రోజులు పట్టింది.

పై ఏడాది వానలు మొదలయ్యేసరికి ఆ తేలిక క్లచ్ కూడా అతనికి లొంగలేదు. కంపెనీవాళ్ళు లిఫ్టుల పని మాన్పించి, ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. బండిని ఎవరో నర్సు కొనుక్కుని నడుపుకుంటూ వెళ్ళిపోయింది. అది సందు మలుపు తిరిగేదాకా భార్యాభర్తలిద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారు.

మర్నాడు పొద్దున అతను ఆఫీసుకి తయారవుతుంటే ఆవిడ ఉన్నట్టుండి అంది:

"ఆ రోజు మీరు వెళ్ళననే అంటారనుకున్నాను."

"తెలుసు."

"తెలిసే వెళ్ళారు."

"వెళ్ళాను."

అతను చొక్కా కుడిచేతి బొత్తాంతో కుస్తీ పడుతుంటే ఆవిడ దగ్గరకొచ్చి పెట్టేసింది. బస్సు తప్పిపోతుందని సంచీ తగిలించుకుని, కొంచెం కుంటుతూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.