అరచేతుల మధ్య సందు

ప్రార్థనలో లాజరు చేతులు జోడించడం మానేసి మూడు నెలలయింది. వేళ్లు పెనవేసుకుని తల వంచేవాడు. బోధన్ దగ్గరి ఆ ఊరి చర్చిలో అందరూ అతనికి భక్తి ముదిరిందనుకున్నారు. అక్క శారమ్మ కూడా అలాగే అనుకుంది. రెండేళ్ల కింద రక్త క్యాన్సర్ వచ్చిన తమ్ముడికి ఎముకల్లోని మూలుగ ఇచ్చింది ఆమే. దేవుడు తన మూలుగతో తమ్ముణ్ణి లేపాడని ప్రతి ఆదివారం సాక్ష్యం చెప్పేది.

అరచేతులు ఒకదానికొకటి ఆనడం లేదని లాజరు ఎవరికీ చెప్పలేదు. ఇచ్చినవాళ్ల కణాలు నీ ఒంటి మీదే తిరగబడవచ్చు, కీళ్లు పట్టేస్తే వెంటనే రా అని హైదరాబాద్ ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆ మాట అక్క చెవిన పడితే ఆమె సాక్ష్యం ఏమవుతుందన్నదే అతని భయం.

ఆ రోజు చెరకు తోటలో గొంతుక్కూర్చోబోయి వెనక్కి పడ్డాడు. శారమ్మ నిజామాబాద్‌లోని రాజారాం డాక్టర్ దగ్గరికి లాక్కొచ్చింది.

"చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి," అన్నాడు డాక్టర్. లాజరు లేచాడు. "కండరాల్లో బలముంది." ముంజేతి చర్మం పట్టి చూస్తే బిగుసుకుపోయి వేళ్లకు అందలేదు. చెయ్యి ఎత్తిస్తే నరం వెంట గాడి పడింది. "ఇప్పుడు అరచేతులు ఆనించి, మోచేతులు పక్కలకు ఎత్తండి."

వేళ్ల కొసలు కలిశాయి. మధ్యలో సందు మిగిలింది.

"ఎప్పట్నుంచి?"

"మొన్నటి సంది సార్."

"ఇంత బిగుసుకోవడానికి నెలలు పడుతుంది. మందులున్నాయి. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను."

"గిది దేనికైందయ్యా?" అంది శారమ్మ. డాక్టర్ లాజరు వైపు చూశాడు.

"నీ మూలుగ అక్కా. నన్ను పరాయోడనుకుంటుంది."

"నీకు ముందుగాలనే తెల్సా?"

"తెల్సు. నువ్వు బాధపడ్తవని."

"బతికించింది గూడ గదే గదరా. చేతులు జోడిస్తలేవంటే భక్తి అనుకున్న, మూడు నెలలు నన్ను ఎడ్డిదాన్ని జేసినవ్." డాక్టర్ వైపు తిరిగింది. "కసరత్తేమన్న ఉంటే నాకు సూపియ్యుండ్రి సారూ. వీనికి సూపిస్తే దాస్తడు."

డాక్టర్ చూపించినట్టే తమ్ముడి మణికట్టు పట్టి మెల్లగా వెనక్కి వంచింది.

"నొస్తుందా?"

లేదనడం లాజరుకు అలవాటైపోయింది. పెదవులు ఆ మాటకే కదిలాయి.

"నొస్తుందక్కా," అన్నాడు.