ఎస్తేరు తోమిన ఉక్కు బిళ్ళలు

క్రిస్మస్ దగ్గరపడిందంటే ఎస్తేరు చేతికి ఏది దొరికినా చింతపండు పట్టించి తోమాల్సిందే. బందరు ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు కూడా ఇట్టే ఎర్రబడతాయి మరి. ఆ ఊపులోనే డాబామీద దండెం పక్కన కోడలు వినీల వేలాడదీసిన ఉక్కు బిళ్ళలు విప్పి, మరకన్నది లేకుండా తోమి ఆరబెట్టింది. ఎంత పని చేసిందో కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన కోడలి ముఖం చూశాకగానీ తెలియలేదు.

అది అణువిద్యుత్ కేంద్రాల కోసం వినీల తయారుచేసిన కొత్తరకం ఉక్కు. "లోపల రేడియేషన్ ఉక్కుని ఉబ్బించి పెళుసు చేసేస్తదండీ, బయట సముద్రపు గాలి తినేస్తది. రెంటికీ తట్టుకునేది కావాలత్తయ్యా" అని ఓసారి చెప్పింది. రేడియేషన్ పరీక్షలో ఆ ఉక్కు ల్యాబులోనే నెగ్గింది. ఉప్పుగాలికి ఎంత తుప్పు పడుతుందో చూడాలనే ఈ బిళ్ళల్ని ఏడాదిగా డాబామీద ఉంచింది. ఆ తుప్పునే ఎస్తేరు శుభ్రంగా కడిగేసింది.

వినీల అరవలేదు. ఒక్కో బిళ్ళనూ వెలుతురుకు పెట్టి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకుని మళ్ళీ చూసింది. "మీకు తెలీక చేశారు, పర్లేదండీ. చెన్నై ల్యాబుకెళ్ళి కొత్తవి చేసుకొస్తాను. మూడు నెలలు పట్టుద్దేమో" అంది.

ఏం గుండె దిటవు ఈ పిల్లది! తెల్లవారకముందే లేచి వండి, క్యారేజీలు సర్ది, కాలేజీకి వెళ్ళొచ్చి, ముసురులో కూడా డాబా ఎక్కి ఆ బిళ్ళల్ని చూసుకునేది. తనైతే వారం రోజులు ఏడ్చి ఊరుకునేదని ఎస్తేరుకు తెలుసు. కోడలంటే ఆమెకు గర్వంగా అనిపించింది.

కొడుకు జేమ్స్ మాత్రం నవ్వేశాడు. "మంచిపనే చేశావమ్మా. తుప్పుకి కాపలా కాసింది చాల్లే. అయినా మూడు నెలలు ఇంట్లో వంటెవరు చేస్తారు? అమ్మకి చూస్తే మోకాళ్ళ నొప్పులు."

ఎస్తేరుకు ఒళ్ళు మండింది. అప్పట్లో తనకు నాగాయలంకలో నర్సు ఉద్యోగం వచ్చిన రోజున మొగుడు సుందరరాజు కూడా ఇదే అడిగాడు, వంటెవరు చేస్తారని. అప్పుడు అడ్డం పెట్టింది అత్తగారి మోకాళ్ళు. నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిన ఎస్తేరు ఇప్పటిదాకా అక్కడే ఉంది.

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా గానీ, వినీలా, నాకూ ఓ టికెట్ తియ్యమ్మా" అంది.

జేమ్స్ నవ్వు ఆగిపోయింది. "నువ్వెందుకే అమ్మా?"

"నేనుంటే నువ్వు వంట నేర్చుకోవురా."