నూట ముప్పై పొద్దుపొడుపులు

అనుమానం పెనుభూతం అంటారు. నాగవేణి విషయంలో ఆ భూతానికి మూడు కాళ్ళు కూడా ఉన్నాయి. అది ఆ కుర్రాడి కెమెరా స్టాండు.

బాగలూరు దాటినాక రెండెకరాల గులాబీ తోట ఆమెది. భర్త లింగప్ప చీకటితోనే పూలమూటలు వేసుకుని హోసూరు మార్కెట్టుకు పోతే, ఆమె మిగిలిన మొగ్గలు కోస్తుంది. జనవరి ఆఖరు నుంచి రోజూ సరిగ్గా ఆ వేళకే ఈ కుర్రాడు బైకు మీద దిగుతున్నాడు. గట్టు మొదట్లో ఒకే చోట స్టాండు నిలబెట్టి, తూర్పుకు తిప్పి, ఒక్క ఫొటో తీసుకుని పోతాడు. పది తీస్తే పిచ్చోడులే అని ఊరుకునేది. రోజుకు ఒక్కటే తీసేవాడి వెనక ఏదో లెక్క ఉండి తీరాలి.

ఆ లెక్కేమిటో చెప్పినవాడు పిల్లప్ప. లింగప్పకు అన్న, పక్క రాగిచేను ఆయనదే. తండ్రి పోయినాక అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారు. హద్దురాయి లేదు, మధ్యలో ఉన్న గట్టే హద్దు, అక్కడొక కానుగచెట్టు.

"ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటారంట నాగవేణీ. ముందు ఫొటోలు, మళ్ళా కొలతలు, మళ్ళా నోటీసు. వాణ్ణి తరిమేస్తే మేలు" అన్నాడు. అలా నాలుగుసార్లు అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆమె ఒక్కసారైనా అనుకోలేదు. తోట పోతుందన్న భయంలో అంత తెలివి ఎవరికి మిగులుతుంది?

జూన్‌లో మొదటి వారం ఒకరోజు ఆమె పూలబుట్ట దించి అడ్డంగా పోయి నిలబడింది. పిల్లప్ప కూడా పార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎవురప్పా నువ్వు? ఏ ఆఫీసు పంపించింది నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా. నా పేరు చక్రి, మాది ఒంగోలు వైపు. హోసూరులో నైట్ షిఫ్ట్ చేస్తాను. పగలంతా నిద్రే, సూర్యుణ్ణి చూసేది ఈ కాసేపే."

"సూర్యుడు మా తోటలోనే పుడతాడా?"

చక్రి నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

"ఒకే చోట నిలబడి తీస్తే ఆయన జరగడం కనిపిస్తుందమ్మా. జనవరిలో ఆ వాటర్ ట్యాంకు కుడిపక్కన లేచాడు. ఇప్పుడు ఎడమకు ఆ నీలగిరి తోపు దాకా వచ్చాడు. ఏడాది నిండితే అన్నీ వరసగా పెట్టి చూసుకోవాలని."

"ఆయన జరిగితే నీకేమప్పా, జీతమిస్తాడా? చూపించు."

చూపించాడు. ఆకాశం ఎర్రగా ఉంది, కింద పొగమంచు ఉంది. ఆ మంచు కింద ఆమె గులాబీ సాళ్ళు కూడా ఉన్నాయి. నాగవేణి వాటి మీద వేలు పెట్టింది.

"ఇదో, మా తోట! బావ చెప్పిందే నిజం. అన్నీ తీసెయ్యి."

"సూర్యుడి కోసమేనమ్మా, నేల ఊరికే పడింది. నాకు కంప్యూటర్ లేదు, నూట ముప్పై ఫొటోలూ ఇందులోనే ఉన్నాయి..."

"తీసెయ్యమంటే తీసెయ్యాల" అన్నాడు పిల్లప్ప, పార నేలకు ఆనించి.

చక్రి మొహం నల్లబడింది. అన్నీ ఒకేసారి పోయే బటన్ ఉందన్నాడు. నాగవేణి దాన్నీ నమ్మలేదు. "ఒగేసారి అంటే నువ్వేం మాయ చేస్తావో నాకేం తెలుసు? ఒకటొకటిగా పోవాల. ఇట్లియ్యి, నేనే నొక్కుతాను."

కొత్తది ముందు, పాతది తరువాత. బొటనవేలితో నొక్కుతూ పోయింది. జూన్ మబ్బులు పోయాయి. మే నెల రాగిరంగు పొద్దు పోయింది. ఒకదాంట్లో కొంగల బారు సూర్యుడి మీదుగా పోతోంది. రోజూ వంగి మొగ్గలు కోయడమే గాని తన తోట మీద ఇంత ఆకాశం ఉందని ఆమెకు తెలియదు. ప్రాణం ఉసూరుమంది. అయినా వేలు ఆగలేదు.

మార్చి, ఫిబ్రవరి. ఫొటోల్లో ఏదో తేడాగా ఉంది. సూర్యుడు కుడికి జరుగుతున్నాడు, అది సరే, ఆ అబ్బాయి ముందే చెప్పాడు. కానీ గట్టెందుకు జరుగుతోంది? ఒక్కో నొక్కుకు గట్టు వెనక్కి, వెనక్కి, కానుగచెట్టు వైపు పోతోంది. చివరగా వచ్చిన జనవరి ఫొటోలో కానుగ గట్టు నడిమధ్యలో నిలబడి ఉంది. ఆమె చూసింది. అర్థమయ్యేలోపే, నూట ఇరవై తొమ్మిదిసార్లు అలవాటైన వేలు ఇంకోసారి నొక్కేసింది.

తలెత్తింది. కానుగ గట్టుకు అవతల, పిల్లప్ప రాగిచేలో, రెండు మూరల దూరాన ఉంది. ఇంట్లో పెరిగే పిల్ల పొడుగు ఇంట్లోవాళ్ళకు తెలియదు. రోజూ గోరంత గోరంత ఆ పక్క చెక్కి, ఈ పక్క మట్టివేస్తే ఆమెకూ తెలియలేదు.

"ఇవి మళ్ళా తెప్పించేదానికి అవుతుందా?" కెమెరా చక్రి చేతికిస్తూ అడిగింది.

ఇంకా తన మీద అనుమానమే అనుకున్నాడు చక్రి. "భయపడకండమ్మా. ఒక్కటి కూడా మిగల్లేదు, మళ్ళీ రావు. నేనూ రాను" అని స్టాండు మడిచి, కళ్ళు తుడుచుకుని బైకెక్కాడు. ఆమె పిలిచింది. బండి చప్పుడులో వినిపించలేదో, వినదలచుకోలేదో.

"పీడ పోయింది" అన్నాడు పిల్లప్ప, పార భుజానికెత్తుకుంటూ.

"కానుగ గట్టు మీద ఉండేది బావా. ఇప్పుడే చూసినాను."

పిల్లప్ప ఆమె వైపు తీరిగ్గా చూశాడు.

"యాడ చూసినావు?" అన్నాడు. "చూపించు."