శనివారం గడి

...అదే కదా చిక్కు, నోట్లోంచి ఊడిపడ్డ "బాగుంది సార్"ను ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా? లెక్కల టీచరుకు ఇది కొత్త జబ్బేం కాదు. తనిఖీకొచ్చిన అధికారి అడిగినా, ఆడపడుచు తను చేసిన కూర రుచి అడిగినా అంతే. లోపలి మనిషి ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉండగానే నోరు వీధి చివరిదాకా పోయి "బాగుంది" అనేసి వస్తుంది.

ఉద్యోగం చేసే టీచర్లు తమ వీలును బట్టి చదువుకునేలా విశ్వవిద్యాలయం ఒక పీజీ కోర్సు మొదలుపెడుతోంది. దాన్ని రూపొందించే సమావేశానికి బడుల తరఫున ఆమె ఒక్కదాన్నే పిలిచారు. ఇలాంటి చదువులో ఒకసారి చేరి సగంలో మానేసిన మనిషి. మళ్ళీ చేరాలని గట్టి ఆశ. కానీ పెద్ద ప్రొఫెసరు బోర్డు మీద గీసిన పట్టికలో ప్రతి శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "వేరే బడిలో బోధనాభ్యాసం" అని ఉంది. వెనకబడ్డ పిల్లల్ని ఆమె కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేది శనివారమే. అది అలాగే ఉంటే ఈసారి చేరడం కూడా ఉండదు. ఎలా ఉందమ్మా అని ఆయన అడిగితే బాగుందనేసింది, టీ తాగి రాగానే పట్టిక ఖాయం చేసేస్తారు.

పైగా ఆ "బోధనాభ్యాసం" అన్న మాటకు నవ్వొస్తోంది. పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిన వాళ్ళను, పాఠం ఎలా చెప్పాలో పక్క బడికి వెళ్ళి చూసి రమ్మంటారట. వంటమనిషిని పక్కింటి పొయ్యి చూసి రమ్మన్నట్టు.

వరండాలో నిలబడి తమ బడి సైన్సు టీచరుకు ఫోన్ చేసింది.

"ఏమైందక్కా, మనం చేరచ్చా?"

"శనివారాలు పెట్టారే. నేనేమో బాగుంది అనేశాను."

"నువ్వు బాగుందన్నావంటే కొంప మునిగిందన్నమాటే."

ఇద్దరికీ నవ్వాగలేదు. స్టాఫ్ రూములో అందరూ తన కబురు కోసమే కాచుకుని ఉన్నారని సైన్సు టీచరు చెప్పాక మాత్రం ఆమె నవ్వు సగంలో నిలిచిపోయింది.

ఇది పిరికితనమేనా? ఏమో. రోజంతా ప్రశ్నలు వేసేది తనే, జవాబులు ముందే తెలిసుండేదీ తనకే. జవాబు తెలియని మనిషి తనను అడిగితే ఏం చెయ్యాలో మరిచిపోయినట్టుంది. పిల్లలు "అర్థమైంది టీచర్" అంటే తను ఊరుకుంటుందా? "ఏదీ, నాకు చెప్పు" అంటుంది. పాపం, ఆ పెద్దాయనకు ఆ అలవాటు లేదు. అయితే "ఏదీ, చెప్పు" అని తనను తనే అడగాలి.

లోపలికి వెళ్ళేసరికి కుర్ర లెక్చరరు బోర్డును ఫోటో తీయబోతున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ," అంది. "సార్, ఇందాక బాగుందని అలవాటులో అనేశాను. శనివారాలు పెడితే మేమెవరమూ చేరలేం."

అభ్యాసం లేకుండా డిగ్రీ ఎలా ఇస్తామమ్మా అన్నాడు పెద్ద ప్రొఫెసరు, కోపం లేకుండానే.

"రోజూ మేం చేసేది అదే కదండీ. మీరే మా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చోండి. మార్కులు అక్కడే వేద్దురుగాని."

గదిలో నవ్వులు లేచాయి. ఆ బెంచీలో తన మోకాళ్ళు పడతాయో లేదోనని ప్రొఫెసరు కాసేపు దిగులు నటించాడు. తర్వాత నిజంగానే ఆలోచనలో పడి, బోర్డు వైపు తిరిగి, అయితే ఆ శనివారం గడిని ఏం చేద్దామని అడిగాడు. ఈసారి జవాబు కోసం ఆగాడు కూడా.

ఒకరు రాసిన బోర్డును ఇంకొకరు తుడవకపోవడం వాళ్ళ బడిలో మర్యాద. ముందు పీరియడ్ వాళ్ళు రాసి వదిలేసిన పాఠాల పక్కన, మూలలో మిగిలిన జానెడు చోటులో, ఆమె ఎన్నో లెక్కలు ఇరికించి చేయించింది.

లేచి వెళ్ళి, డస్టరు తీసుకుని, శనివారాన్ని తుడిచేసింది.