స్పేస్ బార్ కింద శుభలేఖ

సరోజినిగారి దగ్గర టైపు నేర్చుకుని గుమాస్తాలైనవాళ్ళు బాపట్ల చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో ఆవిడకే తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. లోయరు పరీక్ష, హయ్యరు పరీక్ష అంటూ బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఆవిడ ముందు కూర్చుని లేచింది. కోర్టుకు వెళ్ళినా, తాలూకాఫీసుకు వెళ్ళినా "నమస్తే మేడమ్" అంటూ ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచేవారు. అందుకని ఆవిడకి క్యూలో నిలబడే అలవాటే లేకుండా పోయింది.

అలాంటి మనిషి అరవై మూడో ఏట, నోయిడా పక్కన ఇందిరాపురంలో పన్నెండో అంతస్తులో, కూతురి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టైపు పరీక్ష తప్పింది.

తప్పడమంటే ఒకటి రెండు మార్కుల్లో తప్పడం కాదు. తప్పుల్లేకుండా కొట్టింది నూటికి ముప్పై ఒక్క వంతే అని తెర మీద ఎర్రక్షరాల్లో వచ్చింది. నాలుగుసార్లు లోయరు తప్పిన పెద్దిరాజుకు కూడా ఏనాడూ అంత తక్కువ రాలేదు. కింద చిన్న అక్షరాల్లో, మీకు ఇంకొక్క అవకాశం ఉంది, వచ్చే శనివారం పదకొండు గంటలకు, అని ఉంది. ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్ళి రెండు కిలోల పచ్చిబఠాణీలు ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

ఈ పరీక్ష సంగతి ముందు చెప్పాలి. భర్త పోయాక, మిషన్లన్నీ అమ్మేసి, ఆవిడ రెండేళ్ళ కిందట కూతురు కావేరి దగ్గరకు వచ్చేసింది. ఇక్కడ లోటేమీ లేదు. కూతురు బంగారం, అల్లుడు నెమ్మదస్తుడు. కానీ లిఫ్టు దగ్గర గార్డు ఆవిడను "మాతాజీ" అంటాడు. కూరల బండివాడూ మాతాజీయే అంటాడు. పాపం వాళ్ళు గౌరవంగానే అంటారు, అయినా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకు ప్రాణం ఉసూరుమనేది. ముప్పై ఏళ్ళు మేడమ్ అనిపించుకున్న మనిషి ఒక్క రైలు ప్రయాణంలో మాతాజీ అయిపోతే ఎలా ఉంటుంది మరి?

అందుకే నోయిడాలో ఒక కంపెనీ లాయర్ల చేతిరాత కాగితాలను టైపు చేయడానికి ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళు కావాలని ప్రకటిస్తే, ఆవిడ ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. పరీక్షప్పుడు వాళ్ళు మూడు పేజీలు పంపుతారు. ప్రింటు తీసుకుని పక్కన పెట్టుకుని ఇరవై నిమిషాల్లో కొట్టాలి. ఇంతకంటే సుఖమైన పని ఏముంది అనుకుంది. పరీక్షకు ల్యాప్‌టాప్ కావాలి గనక కావేరికి చెప్పక తప్పలేదు. తప్పాక మాత్రం, ఏమైందని ఆమె అడిగితే, "వాళ్ళ సర్వరు పనిచెయ్యలేదంట, వచ్చే శనివారం మళ్ళీ పెడతారంట" అని బొంకింది. ఆ మాట కూతురు ఫోన్లలో చెప్పగా విని నేర్చుకున్నదే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇంట్లో ఉంటే అబద్ధాలకు కరువుండదు.

అసలు బాధ అబద్ధమాడినందుకు కాదు. రాత్రి పడుకున్నాక దుప్పటి కింద వేళ్ళు కదిపి చూసుకునేది. నొప్పి లేదు, వణుకు లేదు. మరి ముప్పై ఒకటి ఎలా వచ్చింది? వేళ్ళు తనకు చెప్పకుండానే ముసలివైపోయాయని ఆవిడకు గట్టిగా నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం నిజమైతే, ఇక తన దగ్గర మిగిలింది బఠాణీలు ఒలిచే విద్య ఒక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం కావేరి భోజనానికి లేచిన గంటలో, ఆవిడ ఆ ల్యాప్‌టాపే తీసుకుని సాధన మొదలుపెట్టింది. కిందటి పరీక్షకు వచ్చిన దావా కాగితాన్ని పక్కన ఊరగాయ జాడీకి ఆనించింది. వీపు నిటారుగా, మణికట్లు పైకి, చూపు కాగితం మీద. మిషను వంకా చూడకూడదు, కొట్టిన కాగితం వంకా చూడకూడదు. చూస్తే వేగం పోతుంది. ఇది ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి పాఠం, ఆఖరి పాఠం కూడా.

కావేరి పెరుగన్నం గిన్నె పట్టుకుని వెనక వచ్చి నిలబడింది. ముందు తల్లి వేళ్ళ వేగం చూసి ముచ్చటపడింది. తర్వాత తెర వైపు చూసి, నోట్లో ముద్ద అలాగే ఉంచేసుకుంది.

"అమ్మా, ఆపు ఆపు. ఒక్కసారి స్క్రీన్ చూడు."

"పేజీ అయ్యేదాకా చూడకూడదే."

"పేజీ అవడానికి ఇక్కడ పేజీ అంటూ మిగిలితేగా! చూడమ్మా ఒక్కసారి."

సరోజినిగారు చూసింది. గోడ ఎత్తు గురించిన వాక్యం మధ్యలో ప్రతివాదిగారి మేనమామ వచ్చి కూర్చున్నాడు. తారీఖు ఉండవలసిన చోట అరుగు ఉంది. అరుగు ఉండవలసిన చోట ఏమీ లేదు. అక్షరాలు మాత్రం ఒక్కటీ తప్పు పోలేదు. మాటలన్నీ ఉన్నాయి, ఏదీ దాని చోట లేదు.

"మళ్ళీ కొట్టు. నెమ్మదిగా" అంది కావేరి, ఈసారి వేళ్ళ వైపు వంగి చూస్తూ.

రెండు లైన్లు కొట్టగానే కావేరి గిన్నె పక్కన పెట్టేసింది. "దొరికింది! నీ కుడి బొటనవేలు స్పేస్ బార్ని గట్టిగా కొట్టి కిందకి జారుతోంది. కింద ఈ నున్నటి పలక ఉంది చూశావా, టచ్‌ప్యాడ్, దానికి తగులుతోంది. తగలగానే అదేమో నువ్వు క్లిక్ చేశావనుకుని, ఆ బాణం గుర్తు ఎక్కడుంటే అక్కడికి నీ టైపును ఎత్తుకుపోతోంది."

సరోజినిగారు బొటనవేలిని పైకెత్తి, ఎవరి పిల్లాడో అన్నట్టు చూసింది. నిజమే. టైపు మిషను మీద స్పేస్ బార్ కింద గాలి తప్ప ఏమీ ఉండదు. ముప్పై ఏళ్ళు ఆ వేలు కొట్టి, జారి, గాలిలో సేద తీరింది. దానికి ఎవరూ కొత్త కబురు చెప్పలేదు.

"అంటే తప్పు నా వేళ్ళది కాదా?" అని అడిగింది. పది వేళ్ళూ కూతురి ముందు చాచింది.

"అయ్యో, వేళ్ళు దివ్యంగా ఉన్నాయమ్మా. ఏమైంది?"

అప్పుడు చెప్పేసింది. సర్వరు బాగానే ఉందని, తనే తప్పానని, ముప్పై ఒకటి వచ్చిందని. "పెద్దిరాజు కంటే తక్కువే!" అని కళ్ళు తుడుచుకుంది. కావేరికి నవ్వొచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చేయాలో తెలియక తల్లిని కావలించుకుంది.

"దీనికింత ఏడుపెందుకు? సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ ఆపేస్తే సరి. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. ల్యాప్‌టాప్ కావేరి ఆఫీసు వాళ్ళది. సెట్టింగ్స్ తెరిచిన చోటల్లా, దీన్ని మీ సంస్థ నియంత్రిస్తోంది, అని ఒకే మాట. ఆపే మీటకు ప్రాణం లేదు. బయటి కీబోర్డు తగిలించుకుందామంటే దానికీ ఒప్పుకోని ఆఫీసు అది. కావేరి ఆఫీసు ఐటీ వాళ్ళకు అర్జీ పెట్టింది. మూడు పనిదినాల్లో చూస్తామని జవాబు వచ్చింది. అల్లుడేమో తన ల్యాప్‌టాప్‌తో సహా పుణెలో ఉన్నాడు, ఆదివారానికి గాని రాడు.

"పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. నా ల్యాప్‌టాప్‌లో ఒక స్విచ్ ఆపుకోవడానికి నాకు పర్మిషన్ లేదు!" అని కావేరి తల పట్టుకుంది. "ఠీక్ హై, పోనీ నువ్వే స్క్రీన్ చూస్తూ కొట్టమ్మా, కర్సర్ గెంతితే తెలుస్తుంది."

చూస్తూ కొట్టింది. తెర చూస్తే కాగితంలో లైను పోయింది. లైను వెతుక్కుంటే వేగం పోయింది. నిమిషానికి పంతొమ్మిది మాటలు. బొటనవేలు ఎత్తిపెట్టి కొట్టమంది కావేరి. వేలు మీద ధ్యాస పెడితే మిగతా తొమ్మిదీ అలిగాయి. చేతిరుమాలు పరిస్తే నాలుగు దెబ్బలకే ముడతపడి స్పేస్ బార్ కిందకి దూరింది. పలచటి కాగితం పెడితే ఆ పలక కాగితం మీంచి కూడా వేలిని పసిగట్టేస్తోంది. భోజనాల గంట అయిపోయింది. కావేరి మొహం చిన్నబుచ్చుకుని, ల్యాప్‌టాప్ అక్కడే వదిలి, ఫోనులోనే మీటింగు వినడానికి గదిలోకి వెళ్ళిపోయింది.

సరోజినిగారు సాయంత్రం కూరల చీటీ రాద్దామని సొరుగు తీసింది. ఆ సొరుగు నిండా శుభలేఖలే. శిష్యులు తమ పెళ్ళిళ్ళకు పంపినవి అయిపోయి, ఇప్పుడు వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళవి వస్తున్నాయి. ఏదీ పారేయదు. పలచటివి కూరల చీటీలకు, దళసరివి చూసుకోవడానికి. పైనే పెద్దిరాజు కూతురి శుభలేఖ ఉంది. నాలుగు మూలలా పసుపు, పీటచెక్కంత మందం. లోయరు నాలుగుసార్లు తప్పినవాడు ఇప్పుడు జిల్లా కోర్టులో పెద్ద గుమాస్తా, ఆ మాత్రం శుభలేఖ వేయించడా!

పెద్దిరాజు ఎందుకు తప్పేవాడో ఆవిడకు గుర్తొచ్చింది. అదేపనిగా కీల వంక తొంగి చూసేవాడు. చెప్పి చెప్పి విసిగి, ఒకరోజు అట్టముక్క తెచ్చి అతని రెండు చేతుల మీదా గొడుగులా పెట్టేసింది. "ఇప్పుడు చూడు చూస్తే!" అని అరిచింది. ఆ కుర్రాడు బెదిరిపోయి, "మేడమ్, అట్ట కింద వేళ్ళు నావో కావో తెలియట్లేదండీ" అన్నాడు. "నీవే. నమ్మి కొట్టు" అంది తను. ఐదోసారి ఫస్టు క్లాసులో పాసయ్యాడు.

ఆవిడ చేతిలోని శుభలేఖను వేళ్ళతో వంచి చూసింది, అది వంగలేదు. తర్వాత గబగబా కత్తెర కోసం వెతికింది.

మీటింగు ముగించుకుని వచ్చిన కావేరికి ల్యాప్‌టాప్ మీద కొత్త అలంకారం కనిపించింది. టచ్‌ప్యాడ్‌కు సరిగ్గా సరిపోయేట్టు కత్తిరించిన శుభలేఖ ముక్క. స్పేస్ బార్ వైపు అంచుకు మాత్రమే సెల్లోటేపు. కావలసినప్పుడు తలుపులా పైకెత్తి క్లిక్ చేసుకోవచ్చు, దించితే మూత. ఒక మూల పసుపు, మధ్యలో సగం తెగిన వినాయకుడి తొండం.

"కొట్టి చూశావా?"

"రెండు పేజీలు. మేనమామ ఎక్కడివాడక్కడే ఉన్నాడు" అంది సరోజినిగారు దర్జాగా.

శనివారం పదకొండింటికి మూడు పేజీలు వచ్చాయి. ఆ లాయరు ఎవరో గానీ ఆయన రాత చీమలు సిరాలో పడి లేచినట్టుంది. సరోజినిగారు మాత్రం బెదరలేదు. కోర్టు గుమాస్తాల రాత చదివిన కళ్ళు అవి. శాలువా తీసి కుర్చీకి వేసింది, తలుపు ఎత్తి క్లిక్ చేసింది, తలుపు దించింది, మొదలుపెట్టింది. కావేరి గోడవారగా కూర్చుంది.

మొదటి పేజీ అయింది. రెండో పేజీ సగంలో ఆవిడకు భయం పట్టుకుంది. టేపు ఊడిందేమో? బొటనవేలు అట్ట పక్కనుంచి జారిందేమో? మాటలు మళ్ళీ చెదిరిపోతున్నాయేమో? ఒక్క క్షణం తెర వంక చూస్తే తెలిసిపోతుంది. మెడ అటు తిరగబోయింది కూడా. చూస్తే లైను పోతుంది. చూడకపోతే, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ ముప్పై ఒకటి, ఆ తర్వాత ఇక అవకాశమే లేదు. వేళ్ళు తనవో కావో తెలియని భయం ఎలా ఉంటుందో ముప్పై ఏళ్ళ తర్వాత ఆవిడకు తెలిసొచ్చింది. ఆ రోజు పెద్దిరాజు మీద మరీ అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది అనుకుంది.

"నమ్మి కొట్టు" అని పైకే అనేసి, చూపు కాగితం మీదే ఉంచింది.

మూడో పేజీ ఆఖరి చుక్క పెట్టేసరికి ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. ఆవిడ తలుపెత్తి క్లిక్ చేసి, కళ్ళు మూసుకుని, "నువ్వే చదవవే" అంది.

కావేరి తెర మీదకు వంగింది. తర్వాత ఒక్క కేక వచ్చింది, పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తీసేంత కేక. "యాభై ఆరు! నిమిషానికి యాభై ఆరు మాటలు! నూటికి తొంభై తొమ్మిది కరెక్టు!"

సరోజినిగారు కళ్ళు తెరిచి ముందు తెర చూడలేదు, తన పది వేళ్ళూ చూసుకుంది. ఏడ్చింది, నవ్వింది, ముక్కు తుడుచుకుంది. "నా వేళ్ళేనే, ఎక్కడికీ పోలా" అంది. అరగంటలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం నుంచి పని ఇస్తామని, ఇంకా ఏమేమో ఉంది. ఆవిడ మాత్రం మొదటి లైను దాటి కిందకి వెళ్ళలేదు. అక్కడ 'డియర్ మేడమ్' అని ఉంది. దాన్నే మూడుసార్లు చదివింది.

"సాయంత్రమే నీకు సొంత ల్యాప్‌టాప్ కొంటున్నాం" అంటూ కావేరి ఆ శుభవార్త బంధువుల గ్రూపులో పెట్టడానికి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. రెండు చూపుడువేళ్ళు, మెడ వంచి కీల వంకే చూపు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏరుకుంటూ. టైపు మేడమ్ కూతురు టైపు నేర్చుకోలేదని బాపట్లలో అందరికీ తెలుసు. చిన్నప్పుడు మూడు రోజులు క్లాసుకు వచ్చి, అక్కడ అమ్మా అని పిలవకూడదు మేడమ్ అనాలన్నందుకు అలిగి పారిపోయింది.

సరోజినిగారు కాసేపు ఓర్చుకుంది. తర్వాత మిగిలిన సగం శుభలేఖ తెచ్చి కూతురి రెండు చేతుల మీదా గొడుగులా పెట్టేసింది.

"మెడ ఎత్తు."

"అమ్మా! నాకేం కనపడట్లా!"

"కనపడకూడదనే పెట్టింది. వీపు నిటారుగా. ఎడమ చిటికెనవేలు ఎ మీద. నమ్మి కొట్టు."

పదిహేనేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అట్ట కింద వేళ్ళు తడుముకుంది, నవ్వు ఆపుకుంది, మెల్లగా వీపు నిటారుగా పెట్టింది.

"సరే మేడమ్" అంది.