చెదిరిన ముక్కలు

నేను కంప్యూటర్‌లో గీసిన పువ్వుని ఎంబ్రాయిడరీ మిషన్ గుడ్డ మీద కుడుతుంది. ఈ పని నాకు నేర్పింది మా అక్క. పోయిన ఏడాది జబ్బుచేసి పోయింది. తొమ్మిదేళ్ల కూతుర్ని నాకు అప్పగించి మరీ పోయింది. గువ్వ అంటాం దాన్ని. తింటుంది, బడికెళ్తుంది. తల్లి పోయిన నాటి నుంచి నన్ను 'పిన్నీ' అని పిలవడం మాత్రం మానేసింది. నా బాధంతా అదే.

వానలు మొదలయ్యాక, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్‌లో నేను పెట్టని ఫోల్డర్ ఒకటి కనబడసాగింది. ఉండీ లేనట్టు లేత రంగులో, 'ఫౌండ్' అనే పేరు, పక్కన సున్నాలు. భయపడి రిపేరతన్ని పిలిపించాను. అతను చూసి నవ్వాడు.

"వైరస్ కాదమ్మా, సిస్టమ్ ఫోల్డరు. పని మధ్యలో కరెంటు పోతే చెదిరిన ముక్కల్ని ఏరి ఇలా ఓ చోట పడేస్తుంది. మీ పాత డిజైన్లే అయ్యుంటాయి."

"పాతవేంటండీ బాబూ, ఈ కంప్యూటర్ కొని ఆర్నెల్లు కాలేదు!"

అతను వెళ్లాక ఊరుకోలేక ఒక ముక్కని మిషన్‌కి ఇచ్చాను. సగం కొమ్మ కుట్టి ఆగింది. ఆకులన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. మా అక్కది ఎడమచేతి వాటం, అది గీస్తే ఆకులు అలాగే వాలేవి. ఎంత పోరినా మార్చుకోలేదు మహాతల్లి. ఈ కంప్యూటర్‌ని అది చూడనైనా లేదు. రిపేరతను చెప్పిందంతా విన్న గువ్వ ఆ గుడ్డ లాక్కుని చెంపకి ఆనించుకుంది.

ఆ తర్వాత ఫోల్డర్లు మరీ ఎక్కువయ్యాయి. కరెంటు వాళ్లని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఒకరోజు బజారు నుంచి ముందే వచ్చి చూద్దును కదా, గువ్వ బల్ల కింద దూరి ప్లగ్గు పీకుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"అమ్మని పిలుస్తున్నా."

"అలా పీకితే కంప్యూటరే చచ్చిపోతుంది!"

"చస్తే చావనీ. అప్పుడు అమ్మ మొత్తం వచ్చేస్తుంది."

దాని కళ్లలో తడి కూడా లేదు. జడలేసేది నేను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది నేను. పిలుపు మాత్రం అక్కకి! నిజం చెప్పొద్దూ, పోయిన మనిషి మీద అసూయ పడ్డాను.

మర్నాడు గువ్వ బడికి వెళ్లగానే మిషన్ ముందు కూర్చున్నాను.

"అక్కా, నీకు దణ్ణం పెడతానే. పిల్లని నాకొదిలెయ్. ఇలా ముక్కలు ముక్కలుగా వచ్చి దాని ప్రాణం తియ్యకు. ఇంక రాకు."

ఎవరూ ముట్టుకోకుండానే మిషన్ రెండు కుట్లు వేసి ఆగింది. దారం తెగింది.

గువ్వ ఆ తర్వాత ఎన్నిసార్లు ప్లగ్గు పీకినా ఏ ఫోల్డరూ రాలేదు. జన్మలో నా మాట వినని అక్క, ఆ ఒక్కటీ వింది. ఓ సాయంత్రం గువ్వ నా ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "పిన్నీ, ఆకలేస్తోంది" అంది. నేను కోరుకున్నది నాకు దక్కింది.

ఇప్పుడు అది బడికి వెళ్లాక, వీధి తలుపు గడియ పెట్టి, బల్ల కింద దూరి ప్లగ్గు పీకేది నేనే.