నేరేడురంగు కోటు వంతు

జెనిఫర్, నేను చెప్తుంటే రాసుకుంటూ పో. ఇందులో ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో నేను తారుమారు చేస్తానేమో. కోటు దగ్గర మొదలుపెడితే దారి తప్పను.

ఫాల్మత్ రేవులో పాస్కో వారింట్లో అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే చలికోటు. మెడ నుంచి మడమల దాకా, భుజాల మీద మడతతో, నేరేడుపండు రంగు. ఫ్రెంచివాళ్ళతో యుద్ధం మూలాన ఉన్ని ధర మండిపోతోంది, రెండోది కుట్టించే తాహతు లేదు. పల్చటి మల్లు గౌనుతో ఆ చలిలో గడప దాటలేరు. అందుకని ఒకరోజు అక్క టామ్సిన్, ఒకరోజు చెల్లెలు లవ్‌డే. ఇద్దరూ వెళ్ళని రోజున కోటు తనే కొక్కెం దిగి వెళ్ళేది. దానికి ఇంట్లో నిలవబుద్ధి కాదు. రొట్టెల కొట్టావిడ, ఇవాళ ఒట్టి కోటే వచ్చిందేం, పిల్లలు కులాసానా అని అడిగి, మోచేతి మడతలో రొట్టె పెట్టి పంపేది. అంచుకంటిన బురద దులుపుతూ వాళ్ళమ్మ దాన్ని తిట్టేది.

ఆ డిసెంబరులో ఎక్సెటర్ నుంచి కబురొచ్చింది. అక్కడ టోపీల కొట్టు నడిపే పిన్ని టామ్సిన్‌ని పనిలోకి రమ్మంది, గుర్రబ్బండిలో చోటు కూడా మాట్లాడి ఉంచింది. ఆ ఊరు విడిచిపోవాలని టామ్సిన్ ఎన్నాళ్ళుగానో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కానీ కోటు తను తీసుకుపోతే లవ్‌డే వసంతం దాకా నాలుగ్గోడల మధ్యే.

“నేను వెళ్ళను,” అంది టామ్సిన్.

“వెళ్ళకుండా ఇక్కడ కూర్చుని నా ప్రాణం తోడతావా?” అంది లవ్‌డే. అందే గాని, అక్క నిజంగానే ఆగిపోతే బాగుండునని లోపల ఉండనే ఉంది.

బండి కదిలే పొద్దున కోటు జోలికి ఇద్దరూ పోలేదు. కొక్కెం మీద గుండీలు టకటకలాడాయి. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. టామ్సిన్ గౌనుతోనే పరుగెత్తింది. లవ్‌డే కిటికీ తెర లాగి కప్పుకుని వెనకే పోయింది.

కోటు, టామ్సిన్ చేతిసంచి తగిలించుకుని, బండిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

“చోటు మీ పేరనే ఉంది కదమ్మా,” అన్నాడు బండివాడు. “ఎక్సెటర్‌లో ఒట్టి కోటును దింపితే మీ పిన్నిగారు నన్ను కడిగేస్తారు. ఎక్కుతారా, దీన్ని దింపమంటారా?”

టామ్సిన్ చెల్లెలి వంక చూసింది. ఒక్కమాట అంటే చాలు, అక్కా దక్కుతుంది, కోటూ దక్కుతుంది. లవ్‌డే పళ్ళు చలికి కొట్టుకుంటున్నాయి.

“తొడుక్కో అక్కా,” అంది. “దానికి చలేస్తోంది.”

తర్వాత లవ్‌డే గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. తివాచీ అరిగిపోతోందని అమ్మ సణిగింది.

క్రిస్మస్ వెళ్ళాక తలుపు చప్పుడైంది. నడుం దాకా బురదతో కోటు. భుజాల మీది మడత లేదు, అంచు జానెడు పొట్టయింది. మోచేతి మీద అదే గుడ్డతో అక్క కుట్టిన చిన్న చలిరవిక, రొమ్ముల కిందికి ఆగేది.

కోటు పొయ్యి దగ్గర ఆరింది. తెల్లారి మళ్ళీ గుమ్మం వైపు తిరిగింది. ఊరి బయట పెన్రిన్ మలుపు దాకా సాగనంపి వస్తానని చెప్పి లవ్‌డే రవిక తొడుక్కుంది. చలికాలంలో ఆమె, కోటు వేరువేరుగా, పక్కపక్కన నడవడం అదే మొదలు. మలుపు దగ్గర కోటు ఆగలేదు. లవ్‌డే వెనక్కి తిరగబోయింది. రవిక తిరగలేదు.

ఎక్సెటర్‌లో ఆ టోపీల కొట్టు బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి. ఏది ముందుండేదో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. జెనిఫర్, రాసింది నువ్వోసారి చూసి పేర్లు సరిచెయ్యమ్మా.